బెంగళూరు ఇందిరానగర్‌లో స్పోర్ట్స్ యాంకరింగ్ కోర్సు: ఏ క్లాసుకి డబ్బు గిట్టింది, ఏ క్లాసుకి దండగ

ముందే చెప్పేస్తాను: అయిదుకి మూడు స్టార్లు. ఆ మూడులో రెండున్నర ఒక్క మనిషికే. ఒక స్పోర్ట్స్ చానెల్ కంట్రోల్ రూమ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ క్లాసులు చెబుతున్న ప్రొడ్యూసర్ ఆయన. మిగిలిన అర స్టారు మెట్రో స్టేషన్‌కి దగ్గరగా ఉన్నందుకు.

సంస్థ పేరు రాయడం లేదు. ప్లేస్‌మెంట్ కోసమంటూ విడిగా కట్టించుకున్న డబ్బు వెనక్కి అడుగుతున్నాను, ఆ వ్యవహారం ఇంకా తేలలేదు. అయినా పేరుతో పెద్దగా పనిలేదు. చేరే ముందు నేను తెప్పించుకుని చూసిన బ్రోచర్లన్నిటిలోనూ సిలబస్ ఇంచుమించు ఒకటే. మీరు ఏ బోర్డు చూసి లోపలికి వెళ్లినా, కింద రాసింది పనికొస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది కుప్పం. డిగ్రీ చదివేటప్పుడు చిత్తూరులో లోకల్ కేబుల్‌లో సాయంత్రం వార్తలు చదివేదాన్ని. ఇప్పుడు బెళ్లందూరులో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు ఉగాదికి పెట్టే క్రికెట్ టోర్నమెంట్‌లో మైకు నా చేతిలోనే ఉంటుంది. 2018 చివర్లో తెలుగులో స్టార్ స్పోర్ట్స్ చానెల్ మొదలైనప్పటి నుంచి మా నాన్న మ్యాచ్ కంటే మ్యాచ్ ముందు జరిగే చర్చే ఎక్కువ చూస్తారు. 2023 ఐపీఎల్‌ను ఆన్‌లైన్‌లో పన్నెండు భాషల్లో ఇచ్చారు, అందులో భోజ్‌పురి కూడా ఉంది. ఇన్ని భాషలంటే ఇన్ని స్టూడియో కుర్చీలు కదా, ఒకదాంట్లో మనం కూర్చోకూడదా అని మా నాన్నే అన్నారు. అలా చేరాను.

ఫీజు 65,000. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 76,700. ఈ జీఎస్టీ సంగతి ఫోన్‌లో చెప్పరు, రసీదు రాసేటప్పుడు చెబుతారు. శని, ఆదివారాలు క్లాసులు. క్లాసు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తుంది. చివర్లో కన్నడ, తెలుగు, హిందీల్లో ఏదో ఒకటి ఎంచుకుని ప్రాక్టీసు చేయాలి. మా బ్యాచ్‌లో తెలుగు తీసుకున్నవాళ్లలో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. కోలారు, హోసూరు, బళ్లారి, జయనగర్‌లో మూడు తరాలుగా ఉంటున్న ఒక కుటుంబం అమ్మాయి, నేను.

మొదటి నెల అంతా ఒక మేడం చేతిలో. ఆవిడ ఎఫ్‌ఎం రేడియోలోనూ, కంపెనీ ఫంక్షన్లలోనూ మైకు పట్టుకున్న మనిషి. మంచావిడే, కానీ ఆవిడ దగ్గరున్న పాఠం ఒక్కటే: ఎనర్జీ. ప్రతి వాక్యానికీ నవ్వాలి, చేతులు నడుము పైనే ఉండాలి, చీర అయితే ప్లెయిన్‌ది, గ్రీన్ మ్యాట్ ముందు ఆకుపచ్చ వద్దు. గ్రీన్ మ్యాట్ సంగతి నిజమే, వెనక ఉన్న ఆ ఆకుపచ్చ గుడ్డను కంప్యూటర్‌లో తీసేసి వేరే బొమ్మ పెడతారు, దానితోపాటు బట్టలు కూడా మాయమై తల ఒక్కటే తేలుతుంది. మిగతాదంతా పెళ్లి రిసెప్షన్ యాంకరింగ్. రంజీ మ్యాచ్ స్కోరు చెబుతూ కూడా అలాగే కేక పెట్టమంటే ఎలా?

ఈ నెలలోనే ‘స్ఫూర్తి’ పేరుతో స్లైడ్లు చూపించారు. 2003 ప్రపంచకప్ అప్పుడు సోనీ మ్యాక్స్‌లో క్రికెట్ షో చేసిన మందిరా బేడీ, తర్వాత వచ్చిన ప్రెజెంటర్లు మయంతీ లాంగర్, సంజనా గణేశన్. ప్రతి ఫొటో దగ్గరా బట్టల గురించి, జుట్టు గురించి మాట్లాడారు. వాళ్లు ఆ కుర్చీ దాకా ఎలా వచ్చారన్నది మాత్రం రాలేదు. మందిర అప్పటికే దూరదర్శన్ ‘శాంతి’ సీరియల్‌తో ఇంటింటికీ తెలిసిన నటి. క్రికెట్ చూడని ఇంటివాళ్లను కూడా టీవీ ముందు కూర్చోబెట్టడానికి చానెల్ ఆమెను తెచ్చుకుంది. మయంతి వచ్చింది క్రికెట్ నుంచి కాదు, ఫుట్‌బాల్ నుంచి. జీ స్పోర్ట్స్‌లో ఫుట్‌బాల్ కార్యక్రమాలు చేసి, 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ చేసి, ఆ తర్వాతే 2011 క్రికెట్ ప్రపంచకప్‌కి వచ్చింది. సంజన ఇంజినీరింగ్ చదివిన మనిషి. హర్షా భోగ్లే మన హైదరాబాదులో ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చేసి, అహ్మదాబాద్ ఐఐఎంలో చదివి, పంతొమ్మిదేళ్లకే ఆలిండియా రేడియోలో కామెంటరీ మొదలుపెట్టినవాడు. తలా ఒక దారి. ఏ దారికీ నవ్వు పాఠంతో సంబంధం లేదు. స్లైడ్లు తయారుచేసినవాళ్లకి ఇది తెలియదనుకోను. చెబితే ఫీజు ఎవరు కడతారని ఊరుకున్నట్టున్నారు.

రెండో నెలలో ప్రొడ్యూసర్ సార్ వచ్చారు. బళ్లారి మనిషి, కన్నడలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తారు. మొదటి మాటే, “మీ మొహాలు నాకు అక్కర్లేదమ్మా, మీ చెవులు కావాలి” అన్నారు.

అసలు క్లాసు అక్కడ మొదలైంది. ఒకరు డెస్క్ ముందు కూర్చుని ప్రాంప్టర్ (చదవాల్సిన అక్షరాలు కెమెరా ముందు కదిలే తెర) చూసి బులెటిన్ చదవాలి. సార్ అద్దం అవతల గదిలో మైకు దగ్గర కూర్చుని మన చెవిలో మాట్లాడతారు. దీన్ని టాక్‌బ్యాక్ అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ప్రొడ్యూసర్ బటన్ నొక్కినప్పుడే మనకి వినిపించేది. రెండోది, కంట్రోల్ రూమ్ మొత్తం నిరంతరం చెవిలో మోగుతూనే ఉండేది. డైరెక్టర్ కెమెరాలు పిలవడం, గ్రాఫిక్స్ అబ్బాయి స్పెల్లింగ్ గొడవ, క్లిప్ దొరకట్లేదని ఒకరి అరుపు, టీ ఎవరికి చక్కెర లేకుండానో అడగడం, అన్నీ. ఆ రొదలో మనం ‘ఆస్ట్రేలియా పర్యటనకు భారత జట్టును ప్రకటించారు’ అని తాపీగా చదువుతూ ఉండాలి. పెద్ద షోలు చేసేవాళ్లలో చాలామంది కావాలనే రెండో రకం పెట్టుకుంటారట, ఎందుకంటే అవతల కంగారు మొదలైన సంగతి తమకు చెప్పకముందే తెలిసిపోతుంది.

మొదటిరోజు కోలారు అబ్బాయి చదువుతుంటే సార్ చెవిలో “తర్వాతి ప్యాకేజ్ రెడీ కాలేదు, నలభై సెకన్లు నింపు” అన్నారు. ప్యాకేజ్ అంటే ముందే ఎడిట్ చేసి పెట్టుకునే వీడియో కథనం. వాడు కెమెరా వైపు చూస్తూ “ఓకే సార్” అనేశాడు. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. “ఇంట్లో చూసేవాళ్లకి నువ్వు దయ్యంతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది నాయనా” అని మళ్లీ మొదటినుంచి చదివించారు.

నలభై సెకన్లు నింపడం అనేది ఎంత పెద్ద పనో కుర్చీలో కూర్చుంటే గానీ తెలియదు. చేతకానివాళ్లు విశేషణాలతో నింపుతారు: అద్భుతమైన, ఉత్కంఠభరితమైన, అభిమానులు ఎంతగానో ఎదురుచూస్తున్న. పది సెకన్లలో అయిపోతాయి. సార్ పద్ధతి వేరు. ప్రతి వార్తకీ స్క్రిప్టులో లేని సంగతులు మూడు ఒక అట్టముక్క మీద రాసుకుని కుర్చీ ఎక్కాలి. దీనికి ముందు ఏం జరిగింది, దీని తర్వాత ఏం జరగాలి, ఇందులో ఎవరు లేరు. జట్టు ప్రకటన అయితే, పోయినసారి ఎవరు కెప్టెన్, మొదటి టెస్టు ఎక్కడ, ఎవరిని పక్కనపెట్టారు. ఈ మూడూ జేబులో ఉంటే నలభై సెకన్లు కాదు, రెండు నిమిషాలైనా నడుస్తుంది. చెవిలో పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క వినిపిస్తుంటే సున్నా దగ్గర వాక్యం క్రియతో సహా పూర్తవ్వాలి. నాకు ఈ చివరిది బాగా వచ్చింది. క్లెయిములు తిరస్కరించామని కస్టమర్‌కి చెప్పే ఫోన్ల వల్ల వచ్చిన విద్య అనుకుంటాను, అక్కడా వాక్యం మధ్యలో ఆగితే చచ్చామే.

నింపడంలో పరాకాష్ఠ చూడాలంటే బ్రిటన్‌లో స్కై స్పోర్ట్స్ న్యూస్ చూడమన్నారు. 1998లో మొదలైన చానెల్ అది, రోజంతా ఆటల వార్తలే. ఫుట్‌బాల్ ఆటగాళ్ల బదిలీలకు ఆఖరి రోజున గంటల తరబడి లైవ్ నడుస్తుంది. ఖాయమైన వార్త అరగంటకొకటి రావచ్చు, రాకపోవచ్చు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన జిమ్ వైట్ అనే ప్రెజెంటర్ పసుపు టై కట్టుకుని ఆ రోజును పండగలా నడిపేవాడు. 2021 దాకా ఆ చానెల్‌లో ఉన్నాడు. అతని గొంతు, హడావుడి చూసి మేమంతా నవ్వుకున్నాం. సార్ వీడియో ఆపి, “అతను ఏ ఆటగాడి పేరు చెప్పినా పాత క్లబ్బు, వయసు, ఏజెంటు సంగతి చూడకుండా చెబుతున్నాడు, గమనించారా?” అన్నారు. రెండోసారి చూస్తే అవును, అరుపు పైన ఉంది, కింద హోంవర్క్ ఉంది.

స్కోర్లు చదివే క్లాసు నాకు అన్నిటికంటే నచ్చింది. బీబీసీలో శనివారాలు ‘గ్రాండ్‌స్టాండ్’ అనే కార్యక్రమం వచ్చేది. అందులో ఫుట్‌బాల్ ఫలితాలు వరసగా చదివే పని లెన్ మార్టిన్ అనే ఆయనది. 1958లో కార్యక్రమం మొదలైనప్పటి నుంచి 1995లో చనిపోయేదాకా ఆయనే చదివాడు. తర్వాత టిమ్ గజిన్ వచ్చి, ఎనభై రెండో ఏడు నిండబోతుండగా 2011లో మానేశాడు. అరవై ఏళ్లు దాటకముందే మనవాళ్లని ‘ఫ్రెష్ ఫేస్’ కావాలని పంపించేస్తారు, అక్కడ ఫలితాలు చదివే గొంతును అరశతాబ్దంలో ఒక్కసారి మార్చారు! ఆ చదవడంలో కిటుకు ఏంటంటే, మొదటి జట్టు పేరు, దాని గోల్స్ చదివాక, రెండో జట్టు పేరు చదివే స్వరంలోనే అది గెలిచిందో ఓడిందో డ్రా అయిందో తెలిసిపోతుంది. స్వరం ఒక మెట్టు ఎక్కితే అవతలివాళ్లు గెలిచారు, దిగితే ఓడారు.

సార్ మాకు ప్రొ కబడ్డీ ఫలితాల పట్టిక ఇచ్చి అలా చదవమన్నారు. తెలుగులో అది మరీ కష్టం. అంకెలు పెద్దవి, పేర్లు పొడుగు. ‘తెలుగు టైటాన్స్ ముప్పై నాలుగు’ అన్నాక గొంతు ఎటు పోవాలో తేల్చుకోవాలంటే పక్క అంకె ముందే కంట్లో పడి ఉండాలి. అంటే నోరు ఒక జట్టు దగ్గర, కన్ను ఇంకో జట్టు దగ్గర. మెట్రోలో వెళ్తూ స్టేషన్ల పేర్లతో కూడా ప్రాక్టీసు చేశాను, పక్కనావిడ సీటు మారింది.

ఇంకో అభ్యాసం: గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన వార్త, చెస్ తెలియనివాళ్లకి, నలభై అయిదు సెకన్లలో. చెన్నైలో పెరిగిన తెలుగింటి పిల్లాడు కాబట్టి మా గుంపుకి కావాలనే ఇచ్చారు. నేను ఇలా రాసుకున్నాను: 2024 డిసెంబర్ 12, సింగపూర్, పద్నాలుగో గేమ్. అప్పటికి చెరి ఆరున్నర పాయింట్లు. డ్రా అయితే మర్నాడు టైబ్రేక్. ఆట డ్రా వైపే పోతోంది. 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. పద్దెనిమిదేళ్ల గుకేశ్ దాన్ని పట్టేశాడు. బాగానే ఉందనుకున్నాను. సార్ విని, “ఏనుగు దాకా బాగుందమ్మా. తర్వాత ఆ పిల్లాడు ఏం చేశాడో ఎందుకు చెప్పలేదు?” అన్నారు. గెలిచాక గుకేశ్ ఏడుస్తూనే బల్ల మీద పావులన్నీ మళ్లీ వాటి గళ్లలో సర్దాడు. చెస్ తెలియని మా అమ్మకి గుర్తున్నది కూడా అదే. చివరి పది సెకన్లు దానికి ఇచ్చి మళ్లీ చదివాను.

ఇక చిన్నస్వామి స్టేడియం క్లాసు. దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. 2025 జూన్ 3న ఆర్‌సీబీ మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. మర్నాడు జూన్ 4న స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఈ ఊళ్లో అది ఎవరికీ పాత వార్త కాదు. సార్ మాకు విజయోత్సవం స్క్రిప్టు ఇచ్చి చదవమన్నారు. సగంలో ఉండగా చెవిలో మామూలు గొంతుతో, “గేటు దగ్గర తొక్కిసలాట. చనిపోయారంటున్నారు. కన్ఫర్మ్ కాలేదు” అన్నారు. ప్రాంప్టర్ మాత్రం ఆగలేదు, పూలు, బస్సు, ట్రోఫీ అంటూ పోతూనే ఉంది.

అందరం తడబడ్డాం. ఒకరు విననట్టు చదువుకుంటూ పోయారు. ఒకరు వెంటనే ‘పలువురు మృతి’ అనేశారు. నేను నవ్వు ఆపేశాను గానీ తర్వాత ఏం చెప్పాలో తెలియక ప్రాంప్టర్ వంకే చూస్తూ ఉండిపోయాను. జయనగర్ అమ్మాయి ఆ సాయంత్రం కబ్బన్ పార్క్ వైపు ఉందట, తను కుర్చీలో కూర్చోనంది. సార్ బలవంతం చేయలేదు.

తర్వాత ఒక్కో మెట్టూ చెప్పారు. ముందు నవ్వు ఆపు. ప్రాంప్టర్ వదిలెయ్, దానికి ఏమీ తెలియదు. మనకు తెలిసింది ఒక వాక్యం, తెలియనిది ఒక వాక్యం: ‘స్టేడియం బయట గేటు దగ్గర తొక్కిసలాట జరిగినట్టు మాకు సమాచారం అందుతోంది. ఎవరికి ఏమైందన్నది ఇంకా నిర్ధారణ కాలేదు.’ అధికారికంగా చెప్పేదాకా అంకె నోట రాకూడదు. పక్కన కూర్చున్న మాజీ ఆటగాడిని ఆ సమయంలో కప్పు గురించి అడగకూడదు. వెనక పాట ఆపమని కంట్రోల్ రూమ్‌కి చెప్పే హక్కు మనకి ఉంది, ప్రకటనలకి వెళ్లే లోపు అడగాలి.

అప్పుడు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ గురించి చెప్పారు. ఇజ్రాయెల్ బృందాన్ని బందీలుగా పట్టుకున్నప్పుడు అమెరికాలో ఏబీసీ తరఫున లైవ్‌లో ఉన్నది వార్తల యాంకర్ కాదు, ఆటల ప్రెజెంటర్ జిమ్ మెకే. గంటల తరబడి కుర్చీలోనే ఉన్నాడు. బందీలందరూ బతికే ఉన్నారని మధ్యలో ఒక కబురు వచ్చింది, అది తప్పని తేలింది. చివరికి 11 మంది చనిపోయారని రూఢి అయ్యాక అతను చెప్పిన మాట, ‘అందరూ పోయారు.’ ఆ మాటలో అలంకారం లేదు. ఆ క్లిప్ మాకు ఇద్దరు ముగ్గురు అడిగితే మళ్లీ వేశారు. ఒక స్పోర్ట్స్ ప్రెజెంటర్‌కి ఎనర్జీ తప్ప ఏమీ అక్కర్లేదని మొదటి నెల నేర్పినవాళ్లు ఈ ఒక్క క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఉంటే బాగుండేది.

పరికరాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫీజులో సగం వాటికే అని అంటారు. ప్రాంప్టర్ ఒక్కటే, అది కూడా టాబ్లెట్ మీద నడిచేది. కెమెరా ముందు ఏటవాలు అద్దం, దానిమీద అక్షరాలు. ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది. తెలుగు ఎక్కిస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ‘ఆస్ట్రేలియా’ అని ఉండాల్సిన చోట నాలుగు ముక్కలు. చిట్కా సార్ దగ్గరే దొరికింది: తెలుగు స్క్రిప్టును ఫొటోగా మార్చి ఎక్కించడం. అంకెలు అంకెల్లో రాయకూడదు. 148/3 అని ఉంటే చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు, ‘మూడు వికెట్ల నష్టానికి నూట నలభై ఎనిమిది’ అని పూర్తిగా రాసుకోవాలి. విదేశీ ఆటగాళ్ల పేర్లు మన నోటికి అందేలా విడగొట్టి రాసుకోవాలి. మేం ప్రాంప్టర్ వెనక పరిగెత్తుతుంటే, “నువ్వు ఆగితే అది ఆగాలి, అది పోతే నువ్వు పోకూడదు” అని ఆపరేటర్ పని కూడా మాచేతే వంతులవారీగా చేయించారు. ఇది నిజంగా మంచి పని. గ్రీన్ మ్యాట్ మాత్రం ముడతలు, వాటి నీడలు నా షోరీల్‌లో (చానెళ్లకి మన పని చూపించే వీడియో) ఇప్పటికీ నా భుజం పక్కన కనిపిస్తాయి.

ఈ ఉద్యోగంలో బతుకు ఎలా ఉంటుందన్నది బ్రోచర్‌లో ఒక్క వాక్యం లేదు. సార్ ఒక మధ్యాహ్నం మొత్తం దానికే ఇచ్చారు. టోర్నమెంట్‌కి ఇంత, రోజుకి ఇంత అనే కాంట్రాక్టులే ఎక్కువ. రెండు టోర్నమెంట్ల మధ్య జీతం లేదు, పీఎఫ్ లేదు. ఎంత పెద్ద పేరున్నా కుర్చీ మనది కాదు: 2016 ఐపీఎల్‌కి సరిగ్గా ముందు హర్షా భోగ్లేని తప్పించారు, ఎందుకో తనకి ఎవరూ చెప్పలేదని ఆయనే బహిరంగంగా రాశాడు. స్టూడియోలో నాలుగు కుర్చీలుంటే మూడు మాజీ ఆటగాళ్లవి. ఇంగ్లండ్‌లో నాలుగోది కూడా ఆటగాడికే వెళ్లింది, గ్యారీ లినేకర్ 1999 నుంచి 2025 దాకా బీబీసీ ఫుట్‌బాల్ కార్యక్రమం నడిపాడు. ఆడనివాళ్లకి మిగిలిన ఆ ఒక్క కుర్చీలో పని, పొట్టి ప్రశ్న అడిగి నోరు మూసుకోవడం. మన తెలుగు షోల్లో ప్రశ్న జవాబు కంటే పొడుగు, అది నా ఫిర్యాదు, సార్‌ది కాదు.

దొడ్డిదారి ఉందా అని అడిగితే ఉంది, దాని పేరు డెస్క్ అన్నారు. ముందు సబ్ ఎడిటర్‌గా చేరు, రాత్రి షిఫ్టులో వాయిస్ ఓవర్లు చెప్పు, ఎవరో ఒకరు జ్వరంతో సెలవు పెడతారు. పిలవగానే రాగలిగినవాడిదే కుర్చీ. 2022 ఫిబ్రవరిలో ఇదే ఊళ్లో ఐపీఎల్ వేలం నడుస్తుండగా వేలంపాటదారు హ్యూ ఎడ్మీడ్స్ స్పృహ తప్పి పడిపోతే, ఊళ్లోనే ఉన్న చారు శర్మను పిలిపించారు. ఆయన వచ్చి రిహార్సల్ లేకుండా వేలం అందుకున్నాడు. దశాబ్దాలుగా లైవ్‌లో ఉన్న మనిషి, 2014లో ప్రొ కబడ్డీ మొదలుపెట్టినవాళ్లలో ఒకడు.

భాషల సంగతి నాకు ఊరట. కేట్ అబ్డో అనే ప్రెజెంటర్ మాంచెస్టర్‌లో పుట్టి, జర్మన్ నేర్చుకుని, జర్మనీ చానెళ్లలో చేసి, బ్రిటన్‌లో స్కై స్పోర్ట్స్ న్యూస్‌కి వచ్చి, ఇప్పుడు అమెరికాలో చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ షో నడుపుతోంది. ఫ్రెంచి, స్పానిష్ కూడా మాట్లాడుతుంది, అతిథి ఏ భాషవాడైతే ఆ భాషలో ప్రశ్న వేస్తుంది. కుప్పం నుంచి వచ్చినవాళ్లకి తెలుగు, తమిళం, కన్నడం సంతలోనే వచ్చేస్తాయి. నా షోరీల్‌లో అదొక్కటే పెట్టాను: ఒకే స్కోరు మూడు భాషల్లో. సార్ చూసి ‘హూఁ’ అన్నారు. ఆయన దగ్గర అది పెద్ద మెచ్చుకోలు.

ఇక ప్లేస్‌మెంట్. ఫీజు కాక 15,000. కట్టకపోతే షోరీల్ ఎవరికీ పంపరట. కట్టాక వచ్చిన పిలుపులు: సర్జాపుర రోడ్డులో ఒక కంపెనీ బాక్స్ క్రికెట్‌కి మైకు పట్టడం, ఒక మాల్‌లో పిల్లల పరుగు పందెం, ఒక జిమ్ ప్రారంభోత్సవం. టీవీ చానెల్ నుంచి ఆడిషన్ ఒక్కటీ లేదు. బ్రోచర్‌లో ‘అవకాశాలు’ అన్న పేజీలో సగం ఫాంటసీ యాప్‌ల (డబ్బు పెట్టి మనమే ఊహా జట్టు కట్టే ఆటలు) వీడియోల గురించే ఉంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేశాక ఆ దారి మూసుకుపోయింది, పేజీ మాత్రం అలాగే ఉంది. ఈ మాట ఆఫీసులో అడిగితే, “మేడం, అది పాత ప్రింటు” అన్నారు. నా చేతికి ఇచ్చింది కూడా ఆ పాత ప్రింటే కదా. డబ్బు వెనక్కి అడిగితే మొదట కుదరదన్నారు, తర్వాత వచ్చే బ్యాచ్‌లో ఎవరినైనా చేర్పిస్తే సర్దుబాటు చేస్తామన్నారు. రాతపూర్వకంగా ఇమ్మన్నాను. ఇంకా రాలేదు.

కాబట్టి చేరాలనుకునేవాళ్లు ఇలా చేయండి. ప్లేస్‌మెంట్ డబ్బు కట్టకండి, ఎంత నవ్వుతూ అడిగినా. టాక్‌బ్యాక్ క్లాసులు ఎన్ని, ఎవరు చెబుతారు అని ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ ప్రొడ్యూసర్ సార్ ఆ బ్యాచ్‌కి లేకపోతే డబ్బు దాచుకోండి. మొదటి నెల ఎగ్గొట్టి రెండో నెల నుంచి రావచ్చా అని నేను అడగలేదు, మీరు అడిగి చూడండి. ఫీజు కూడా తగ్గించమనండి. శనివారం మధ్యాహ్నం బ్యాచ్ మంచిది, పొద్దున బ్యాచ్‌లో జనం ఎక్కువ, చెవికి ఇయర్‌పీస్ దొరికే వంతు తక్కువ. ఇయర్‌పీస్ మాత్రం సొంతది కొనుక్కోండి. అక్కడిది అందరి చెవుల్లోనూ తిరిగేదే.